ఉష్ పిట్టలు లేని మూడు రోజులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి తిరిగేది తక్కువ, పులి కబురు తిరిగేది ఎక్కువ. ఎలాగంటారా? చెప్తా, కదలకుండా కూర్చోండి.

అక్కడ ఇప్పచెట్టు చిటారుకొమ్మన ఒక ముసలి కొండముచ్చు కాపలా ఉండేవాడు. అందరూ నల్లమూతి తాత అనేవారు. పులి కనబడగానే "ఖొక్! పులి!" అని అరిచేవాడు. కింద మేసే దుప్పులు ఆ మాట అందుకునేవి. ఒకటి ఇంకోదానికి, అది మరోదానికి చెప్పుకుంటూ పరుగో పరుగు.

మరి పులి పోయాక? అప్పుడు ఉష్ పిట్టలు వచ్చేవి. బొటనవేలంత పిట్టలర్రా అవి! ఒక్కో దుప్పి చెవి దగ్గర వాలి, "వెళ్ళిపోయింది. ఉష్, ఇక చాలు" అనేవి. అప్పుడు ఆ దుప్పి నోరు మూసుకుని మేతలో పడేది.

నవ్వుతారేం? మన తలకాయల్లోనూ అలాంటి బుల్లివి ఉన్నాయి. వాటి పేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. మెదడు కణాల్లో "ఇది తయారు చెయ్యి, అది తయారు చెయ్యి" అని చీటీలు తిరుగుతుంటాయట. ఆ చీటీని పట్టుకుని "ఇక చాలు" అనడమే వీటి పని. వీటి లెక్క తప్పితే మూర్ఛలాంటి జబ్బులు రావచ్చని పెద్ద చదువుల వాళ్ళు అంటున్నారు. సరే, కథలోకి వద్దాం.

ఆ మందలో చుక్కమ్మ అని ఒక తల్లి దుప్పి ఉండేది. పాపం, దాని మొదటి ఇద్దరు పిల్లల్నీ పులి ఎత్తుకుపోయింది. మూడోది ఆడపిల్ల. నుదుట తెల్లమచ్చ ఉందని బొట్టు అని పిలుచుకునేది. ఈ ఒక్కదాన్నయినా దక్కించుకోవాలని కళ్ళల్లో వత్తులేసుకుని కాసేది. ఆకు కదిలినా దాని గుండె గుభేలుమనేది.

ఒకరోజు తాత అరిచాడు. మంద పరుగెత్తింది. కాసేపటికి పిసరు అనే ఉష్ పిట్ట వచ్చి చుక్కమ్మ చెవిలో "వెళ్ళిపోయింది. ఉష్" అంది. చుక్కమ్మ బిడ్డతో వాగుకి నీళ్ళకెళ్ళింది. అక్కడ తడి ఇసుకలో పులి అడుగులు! వాటిలో ఇంకా నీళ్ళు ఊరుతున్నాయి.

"అమ్మో అమ్మో! పులి ఇంత దగ్గర ఉంటే ఈ పిట్ట నా నోరు మూయించిందే!" అని చుక్కమ్మ గుండెలు బాదుకుంది.

"పోతూ వేసిన అడుగులక్కా అవి. వాగు దాటి అవతలికి పోయింది. కళ్ళారా చూశాకే చెప్పాను" అంది పిసరు.

వింటేనా! మందపెద్ద కొమ్ముల మామ దగ్గరికి పరుగెత్తింది. "మామా, ఈ పిట్టలు మనల్ని చంపేస్తాయి. అరిచేవాళ్ళ నోరు నొక్కడం తప్ప వీటికి ఇంకో పని ఉందా? తరిమెయ్యి!"

కొమ్ముల మామ తల పంకించాడు. "నిజమే. ఇవి కాపలా కాయవు, మేత చూపించవు. పొండి వాగు అవతలికి!"

"మామా, మేం పులిని ఆపలేం. అది పోయాక దాని మాటను ఆపుతాం, అంతే" అంది పిసరు. పిట్టలన్నీ ఎగిరిపోయాయి.

మర్నాడు పొద్దున తాత "పులి!" అన్నాడు. మంద ఆ మాట అందుకుంది. మధ్యాహ్నమైనా ఆ మాట ఆగలేదు. "చూశారా, ఎంత జాగ్రత్తగా ఉన్నామో!" అని చుక్కమ్మ మురిసిపోయింది.

రెండోరోజూ మందలో అదే కేక. ముళ్ళపంది కదిలితే పులి, ఎండుటాకు రాలితే పులి. ఒక్కరూ గడ్డి ముట్టలేదు. చుక్కమ్మ పొదుగులో పాలు తగ్గిపోయాయి.

మూడోరోజు బొట్టు "పులి... పులి..." అని గొణుగుతూ నిలబడ్డచోటే కూలిపోయింది. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుంది. కళ్ళు తేలేసింది. నాలుగు కాళ్ళూ టపటపా కొట్టుకున్నాయి.

"తల్లీ! బొట్టూ! ఏమైందే నీకు?" చుక్కమ్మ నాకింది, పిలిచింది. ఆ వణుకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది.

నల్లమూతి తాత చెట్టు దిగి వచ్చాడు. "చుక్కమ్మా, ఈ మూడు రోజుల్లో నేను అరిచింది ఒక్కసారే. ఆ ఒక్క అరుపే మీ నోళ్ళలో పడి ఇంకా తిరుగుతోంది. లేత తల, ఎంతకని తట్టుకుంటుంది?"

చుక్కమ్మ పిల్లని తాతకి అప్పగించి, పులి పోయిన దిక్కుకే, వాగు దాటి పరుగెత్తింది. ఏ పొద చూసినా భయమే. వెనక బిడ్డ ఏమైపోతుందోనని ఇంకా భయం.

"పిసరూ, తప్పంతా నాదే. నా బిడ్డని కాపాడమ్మా!" అని ఏడ్చింది.

"పదక్కా! కానీ ఒక్క మాట. బిడ్డ చెవిలో నేను 'ఉష్' అంటుంటే, పక్కన నువ్వు 'పులి' అంటే లాభం లేదు. ముందు నువ్వు ఆపాలి."

పిట్టలన్నీ తిరిగొచ్చి తలా ఒక చెవి దగ్గర వాలాయి. పిసరు బొట్టు చెవిలో "ఉష్" అంది. చుక్కమ్మ నోటికి మాత్రం "పులి, పులి" అని అదే వస్తోంది! ఆపుకోలేకపోతోంది. చివరికి పళ్ళు బిగబట్టి నోరు మూసుకుంది. ఒకటొకటిగా మందంతా నోరు మూసుకుంది. బొట్టు కాళ్ళు నెమ్మదించాయి. కళ్ళు తెరిచింది.

అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, మళ్ళీ చెట్టెక్కిన తాత బొంగురు గొంతు వినబడింది. "ఖొక్! పులి! వాగు దాటుతోంది!"

ఈసారి నిజం పులే! అంతకు ముందు గోలలో అయితే ఆ గొంతు ఎవరికి వినబడేది? మంద కొండవైపు పరుగెత్తింది. చుక్కమ్మ బొట్టుని మూతితో నెట్టుకుంటూ, పడితే లేపుకుంటూ, ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరుగెత్తింది. పులి కొంతదూరం తరిమి, అందక వెనక్కి పోయింది.

పిసరు వచ్చి "వెళ్ళిపోయింది. ఉష్" అంది. చుక్కమ్మకి భయం పోలేదు. అయినా నోరు మూసుకుంది. బొట్టు పొదుగులో మూతి పెట్టి పాలు తాగింది.

బొట్టు బతికింది. కానీ దాని వెనక కాలొకటి అప్పుడప్పుడు వణుకుతూనే ఉండేది. ఒకరోజు అడిగింది. "అమ్మా, నా కాలెందుకిలా వణుకుతుంది? పులి కరిచిందా?"

చుక్కమ్మ ఆ కాలుని నాకుతూ చెప్పింది. "లేదు తల్లీ. పులి నిన్ను తాకనే లేదు. అది నా వల్లే జరిగింది."

నీతి: జాగ్రత్త అని అరిచేవారే కాదు, ఇక చాలు అని చెప్పేవారూ మన మేలు కోరేవారే. చిన్నవారని వారిని తరిమేయకూడదు.