దేవసహాయం కడవ

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఉప్పుమడుల పక్కన ఓ పేట ఉండేది. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. మంచినీళ్ళు కావాలంటే రెండు కోసులు నడవాలి. ఆ నీళ్ళు మోసేవాడు దేవసహాయం. ఓ గుడిసె, ఓ కావడి, పెళ్ళాం లేయమ్మ, అంతే అతని ఆస్తి.

లేయమ్మ కాలు ఒకచోట నిలిచే మనిషి కాదు. ఓ రోజు గాజులమ్మేవాడి వెంట వెళ్ళిపోయింది. మూడు నెలలకు వాడు వదిలేస్తే, బెదురుతూ తిరిగొచ్చింది. గుమ్మంలో నిండుకడవ ఉంది. అన్నీ మంచినీళ్ళే. ఆ పేటలో మంచినీళ్ళతో కాళ్ళు కడగడమంటే నేతితో ఇల్లు అలకడమే.

"కాళ్ళు కడుక్కో లేయా. తిన్నావా?" అన్నాడు దేవసహాయం.

"ఎందుకు మావా నన్ను రానిచ్చావు?"

"ముందు తిను."

రెండోసారి బెల్లంబండివాడి వెంట వెళ్ళింది. వానలు వెలిశాక వచ్చింది. అదే కడవ, అదే మాట. "కాళ్ళు కడుక్కో లేయా. తిన్నావా?"

పక్కింటి తబితమ్మ ఉండబట్టలేకపోయింది. "రోజూ పొద్దున్నే నింపి పెడతాడు, సాయంత్రం మునగచెట్టుకు పోస్తాడు. మా గొంతులెండిపోతుంటే దీని కాళ్ళకి మంచినీళ్ళంట."

లేయమ్మకు ఈసారి నిజంగానే తెలుసుకోవాలనిపించింది. కొట్టుంటే అర్థమయ్యేది. ఇదేమిటో అర్థం కాలేదు. "ఎందుకు మావా?"

"యేసయ్య దగ్గరికి నేనెన్నిసార్లు తలొంచుకుని పోయానో నీకు తెలీదు. ఒక్కసారీ నన్ను గడప బయట నిలబెట్టలేదాయన. నిన్ను నిలబెట్టడానికి నేనెవర్ని?"

ఆ మాట ఆమె బుర్రకెక్కలేదు. ఎక్కుంటే కథ ఇక్కడే అయిపోయేది. మూడోసారి వేషగాళ్ళ వెంట వెళ్ళింది. రెండేళ్ళకు, జ్వరంతో, కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. ఉప్పుమడుల దగ్గర ఎవరో చెప్పారు, దేవసహాయం పోయి ఏడాదైందని.

లేయమ్మ అక్కడే కూలబడింది. ఇక రానిచ్చేదెవరు? పేటవాళ్ళు తరిమేస్తారనే అనుకుంది. వేరే దిక్కు లేక గుడిసె దాకా నడిచింది.

గుమ్మంలో నిండుకడవ ఉంది. చెయ్యి ముంచి చూసింది. ఆ పొద్దున తెచ్చిన నీళ్ళే.

తబితమ్మ బయటికొచ్చింది. "పోయేముందు పేటనంతా పిలిచి అడిగాడమ్మా. అది వస్తది, కడవ ఖాళీగా ఉండకూడదన్నాడు. రోజుకో ఇంటివాళ్ళం తెస్తన్నాం. ఇవాళ నా వంతు."

"నన్ను తిట్టవా అక్కా?"

"తిడదామనే అనుకున్నా. నీకోసం అంత దూరం మోసీ మోసీ కోపం ఎప్పుడు పోయిందో తెలీలేదు. కాళ్ళిలా పెట్టు."

తబితమ్మ వంగి ఆమె కాళ్ళు కడిగింది. లేయమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. తను ప్రేమను వదిలి పోయిందే గానీ, ప్రేమ తనను వదల్లేదని అప్పుడు తెలిసింది. జ్వరం తగ్గిన రోజున కావడి తన భుజానికెత్తుకుంది. చచ్చేదాకా దించలేదు.

ఇప్పుడా పేటలో కొళాయిలున్నాయి. అయినా ప్రతి గుమ్మంలో ఓ కడవ ఉంటుంది. దేవసహాయం కడవంటారు. ఎన్నాళ్ళకు ఎవరు తిరిగొచ్చినా ఎక్కడికెళ్ళావని అడగరు. కొత్తకోడళ్ళు మాత్రం ఈ నీళ్ళు ఎవరికని అడుగుతారు.

"ఇంకా రానివాళ్ళకి," అంటారు అత్తలు.