విసుర్రాయికి రెండో చెయ్యి

ఏడు మైకుల్లో ఏది బయటికి తీయాలో హిమజకు తేలలేదు.

కర్నూల్లో బస్సెక్కినప్పటి నుంచి ఉస్తాదును ఆ మాటే అడుగుతోంది. తుపాకి గొట్టంలా పొడుగ్గా ఉండేది ఒకటి, దూరం నుంచి కూడా గురిచూసి గొంతును పట్టుకుంటుంది. స్టూడియోలో గాయకుల ముందు వేలాడే పెద్దది ఒకటి, ఊపిరిని కూడా వదలదు. జంటగా పెట్టేవి రెండు. చేత్తో పట్టుకునే మొరటుది ఒకటి, కింద పడ్డా దానికేం కాదు. ఇక కాలరుకు తగిలించే మిరియపు గింజంతవి రెండు. వాటిని టీవీవాళ్ల సరుకని ఆమె లెక్కలోకే తీసుకోలేదు, పెట్టెలో ఖాళీ ఉందని వేసుకొచ్చింది.

ఒక్క గొంతుకు వీటిలో ఏది మంచిదని మూడోసారి అడిగితే, ఉస్తాదు ఒక వేరుశనక్కాయ ఒలిచి ఆమె చేతిలో పెట్టి, ముందు మనిషిని చూద్దాం అన్నాడు.

ఉస్తాదంటే దూదేకుల హుసేనప్ప. రేడియోలో ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి పాటలు పట్టిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆ తిరుగుడు మానలేదు. ఆయన సామానంతా ఒక భుజం సంచిలో సరిపోతుంది: అరచేతిలో ఇమిడే రికార్డరు, ఒకవైపు బట్ట చుట్టిన హెడ్‌ఫోన్లు, నాలుగు బ్యాటరీలు, ఒక తువ్వాలు. హిమజవి రెండు పెట్టెలు, ఒక స్టాండు, చుట్టచుట్టిన తీగలు ఒక మోపు. పెళ్లి ఏ ఊళ్లో అని బస్సులో కండక్టరు అడగనే అడిగాడు.

హిమజ హైదరాబాదులో సౌండు ఇంజనీరింగు చదివి రెండేళ్లుగా ఆయన వెంట తిరుగుతోంది. ఆయనంటే ఆమెకు ప్రాణం. ఆయన పద్ధతుల మీదే కొంచెం అనుమానం. ఏ ఊరెళ్లినా ముందు సంచి విప్పడు, గంటసేపు ఊరికే కూర్చుంటాడు. వన్, టూ, త్రీ చెప్పమని ఎవర్నీ అడగడు, పొద్దున ఏం తిన్నారని అడుగుతాడు. వాళ్లు రొట్టె, పప్పు, గొజ్జు అని చెప్పేలోపల రికార్డరులో గొంతు ఎత్తు చూపే సూది ఎంత కదిలిందో చూసుకుంటాడు. పాతకాలం మనిషి పాపం అని ఆమె ముద్దుగానే అనుకునేది.

ఆదోని దాటి ఊళ్లో దిగగానే ఆయన తన హెడ్‌ఫోన్లు తీసి ఆమె మెడలో వేశాడు. ఇవాళ పని మొత్తం నీదే, నేను అరుగు మీద కూర్చుంటానన్నాడు. రెండేళ్లలో అది మొదటిసారి. హిమజకు ఆ పాత హెడ్‌ఫోన్లు మెడలో హారంలా అనిపించాయి.

పట్టాల్సింది ఉరుకుందమ్మ పాట. రెండు సేర్ల జొన్నలు విసిరి పిండి చేసేదాకా సాగే విసుర్రాయి పాట అది. ఒక అక్క తన చెల్లెలి ఊరు వెతుక్కుంటూ పోతుంది, దారిలో కనిపించిన ప్రతి చెట్టునూ గుట్టనూ అడుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆ పాటలో ఒకటీ రెండూ చరణాలు చాలామందికి వచ్చు. చివరిదాకా వచ్చింది ఒక్క ఉరుకుందమ్మకే. ఆమె గొంతులో గడ్డ. వచ్చే మంగళవారం ఆపరేషను, రేపే ఆస్పత్రిలో చేరాలి. ఆ తర్వాత గొంతు మునపటిలా వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు ముందే చెప్పేశాడు. అంటే ఆ పాటకు మిగిలింది ఈ ఒక్క పూటే, దాన్ని ఉస్తాదు హిమజ చేతిలో పెట్టాడు.

ఉరుకుందమ్మ వాళ్లను చూసి సంబరపడిపోయింది. ఉస్తాదును సాయిబన్నా అని పిలిచి అరుగు మీద చాప వేసింది. హిమజ పెట్టెలు విప్పుతుంటే ఒక్కొక్క మైకునూ ముట్టుకుని, ఇదేంటిది, అదేంటిదని అడిగింది. ఉస్తాదు అరుగు మీద స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

హిమజ పని మాత్రం చక్కగా చేసింది. అది ఒప్పుకోవాలి. వసారాలో విసుర్రాయి ఉంది గానీ, పక్కనే కోళ్లగంప, ఎదురుగా రోడ్డు. అందుకని జొన్న మూటలు పేర్చిన లోపలి గదిని ఎంచుకుంది. మూటలు చప్పుడును తాగేస్తాయి. తలుపుకు దుప్పటి వేలాడదీసింది. ఫ్యాను ఆపింది. పెద్ద మైకును స్టాండుకు తగిలించింది. విసుర్రాయి మాత్రం వద్దంది. ఆ గరగర గొంతును మింగేస్తుంది, తర్వాత ఎంత కడిగినా పోదు.

ఉరుకుందమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమెకు కాళ్లు నేలకు అందలేదు. అటూ ఇటూ తిరగొద్దని, ముఖం మైకుకు జానెడు దూరంలోనే ఉంచమని హిమజ చెప్పింది. ముసలామె చేతికున్న వెండి కడియం కుర్చీకి తగిలి టంగుమంది. ఏళ్ల తరబడి వేసుకున్నది, ఊడి రాలేదు. హిమజ తన చేతిరుమాలు దానికి చుట్టి కట్టింది.

"ఫోటో దిగేదానికా పాపా, పాట పాడేదానికా?" అంది ఉరుకుందమ్మ.

పాట మొదలైంది. హెడ్‌ఫోన్లలో ఆ గొంతు వినగానే హిమజ ఒళ్లు పులకరించింది. తుమ్మజిగురులాంటి గొంతు. పెదవి విడివడడం కూడా వినిపిస్తోంది. ఒక చరణం, రెండు, మూడు. నాలుగోదాని దగ్గర గొంతు ఆగింది.

మళ్లీ మొదటి నుంచి పాడించింది. మళ్లీ అక్కడే ఆగింది. మైకు చూసి బెదురుతోందేమోనని పెద్దది తీసేసి, పొడుగుదాన్ని దూరంగా మూటల మీద పెట్టింది. రెండు చరణాలే వచ్చాయి. జంట మైకులు పెట్టింది. ముసలామె ఒళ్లో కుడిచెయ్యి ఊరికే గుండ్రంగా తిరుగుతోంది, చీర గరగరమంటోంది. చెయ్యి ఆపమ్మా అంది హిమజ. చెయ్యి ఆగింది. ఆ తర్వాత మొదటి చరణం కూడా సగంలో నిలిచిపోయింది.

ఉరుకుందమ్మ గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"నిన్న గూడా ఉన్నెది పాపా. యాడికి పాయనో. కోసేదానికి ముందే ఎత్తకపాయె దేవుడు."

హిమజకు ఆ మాట అనిపించింది తనేనని ఎక్కడో తెలుస్తూనే ఉంది. కాసేపు నీళ్లు తాగు అవ్వా అని చెప్పి, దుప్పటి తొలగించుకుని అరుగు మీదికి వచ్చింది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, చేత్తో పట్టుకునేది కూడా పెట్టి చూస్తాను గానీ ఈ గొంతుకు సరైన మైకు మన దగ్గర లేదేమో ఉస్తాద్ అంది. అంటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి.

ఉస్తాదు కళ్లు తెరిచాడు.

"పాడేటప్పుడు ఆమె చేతులు ఏం చేస్తాండాయి?"

"ఒక చెయ్యి ఇలా తిరుగుతోంది. ఆపమన్నాను."

ఆయన లేచి లోపలికెళ్లి ఉరుకుందమ్మ కడియానికి కట్టిన చేతిరుమాలు తనే విప్పి మడిచి హిమజకు ఇచ్చాడు. తర్వాత, అక్కా, రొట్టె తిని పోదామని వచ్చినాం, పిండి ఉందా అని అడిగాడు. మిల్లు పిండి ఉందని ఆమె అంది. మిల్లు పిండి మాకెందుకని ఆయన అన్నాడు. ముసలామె ముఖంలోకి నవ్వు వచ్చింది. రెండు సేర్ల జొన్నలు చేటలో పోసుకుని వసారాలోకి నడిచింది.

విసుర్రాయి ముందు ఒక కాలు చాపి, ఒక కాలు ముడిచి కూర్చుంది. గుప్పెడు జొన్నలు రాతి నోట్లో పోసింది. పిడి పట్టుకుని రెండు చుట్లు తిప్పింది, ఆపింది.

"ఎదురుమనిషి లేకుంటే ఎట్ల తిరుగుతాది సాయిబన్నా?" అంది. తోడికోడలు సుంకమ్మ నలభై ఏళ్లు తనకు ఎదురుగా కూర్చుని అదే పిడి పట్టుకుందని, ఆమె పోయి నాలుగేళ్లయిందని, అప్పటి నుంచి మిల్లు పిండేనని చెప్పింది. చెబుతున్నంతసేపూ రాయికి అవతలున్న ఖాళీనే చూసింది.

ఉస్తాదు వెళ్లి అక్కడ కూర్చుంటాడని హిమజ అనుకుంది. ఆయన ఆమె మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసుకున్నాడు.

"కూర్చో" అన్నాడు.

నేను కూర్చుంటే రికార్డింగు ఎవరు చూస్తారని ఆమె అడగబోయింది. అప్పటికే ఆయన పెట్టె ముందు గొంతుక్కూర్చుని వెతుకుతున్నాడు. పొడుగుదాన్ని పక్కన పెట్టాడు. పెద్దదాన్ని పక్కన పెట్టాడు. అడుగున పడి ఉన్న మిరియపు గింజంతదాన్ని తీసి, దాని తీగను తన చిన్న రికార్డరుకు కలిపాడు. అది చూసి ఉరుకుందమ్మ తగిలించుకోవడానికి తయారుగా గడ్డం పైకెత్తింది. ఆయన ఆమె దగ్గరికి పోలేదు. హిమజ చున్నీని భుజం మీద సర్ది, చెవికి కాస్త కింద ఆ మైకును గుచ్చాడు.

"పాడేది ఆమె కదా ఉస్తాద్?"

"పాడేది ఆమే. వినేది?"

అంతే అని ఆయన తలుపు పక్కన గోడకు ఆనుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

రాయి తిప్పడం హిమజకు చేతకాలేదు. ఉరుకుందమ్మ తోసినప్పుడు తనూ తోసింది, లాగినప్పుడు తనూ లాగింది. రాయి మొరాయించింది. ఇంట్లో అన్నం పెట్టరా అని ముసలామె అడిగింది. నేను నూకినప్పుడు నువ్వు లాగు, నేను లాగినప్పుడు చెయ్యి ఇడువు, అంతే అంది. నాలుగు చుట్లకు రాయి దారిలో పడింది. కడియం పిడికి తగిలి ఒక్కొక్క చుట్టుకు ఒక్కసారి టంగుమంటోంది. ఆ దెబ్బకు ఉరుకుందమ్మ పాట అందుకుంది.

*తంగేడు పూసింది తావు చెప్పవె తల్లీ*
*మా చెల్లి మెట్టినూరు మలుపు చెప్పవె తల్లీ*

మూడో చరణం అయిపోయింది. నాలుగోది వచ్చింది. వచ్చినట్టు ఉరుకుందమ్మకు తెలియను కూడా తెలియలేదు. తంగేడు తర్వాత రేగుచెట్టు, రేగుచెట్టు తర్వాత రాతిగుట్ట, గుట్ట తర్వాత ఎండిపోయిన వంక. తోసినప్పుడు ఆమె ముఖం హిమజ ముఖం మీదికి వచ్చేది, లాగినప్పుడు వెనక్కి పోయేది. గొంతూ అలాగే దగ్గరికి వచ్చి దూరం పోతోంది. జానెడు దూరం లెక్క ఎక్కడా లేదు. హిమజకు అది గుర్తు కూడా రాలేదు. రోడ్డు మీద ట్రాక్టరు పోయింది, కోళ్లు అరిచాయి.

ఒకచోట ఉరుకుందమ్మ చరణం మధ్యలో ఆగింది. చెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది. మరిచిపోయిందేమోనని హిమజ భయపడింది. తలెత్తి చూస్తే ముసలామె ఆమె ముఖంలోకే చూస్తోంది, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు.

"ఊఁ" అంది హిమజ.

పాట ముందుకు పోయింది. ఆ తర్వాత ప్రతి చరణం మధ్యలోనూ ఆ ఖాళీ వచ్చింది, ప్రతిసారీ హిమజ ఊఁకొట్టింది. చేతులు లాగేస్తున్నాయి, అరచెయ్యి బొబ్బలెక్కుతోంది. అయినా పాట అయిపోకూడదని, జొన్నలు ఇంకా ఉండాలని ఆమెకు గట్టిగా అనిపించింది. చివరి గుప్పెడు పోసేసరికి పాటలో అక్క చెల్లెలి గుమ్మం ముందుకు వచ్చింది. తలుపు తీయమని చెల్లెల్ని పిలిచేచోట ఉరుకుందమ్మ పాటలో పేరు పెట్టలేదు. సుంకీ అని పిలిచింది.

రాయి ఖాళీగా రెండు చుట్లు తిరిగి ఆగింది. ఇద్దరిలో ఎవరూ పిడి వదల్లేదు.

ఉస్తాదు వచ్చి హెడ్‌ఫోన్లు ఉరుకుందమ్మ తలకు పెట్టి, పట్టింది మొదటి నుంచి వినిపించాడు. ఆమె పిండి చేతులు గాల్లో ఉంచుకుని వింది. కొంచెంసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది.

"సుంకి ఇట్ల ఇనేది గాబోలు" అంది నెమ్మదిగా.

మధ్యాహ్నం ఆ పిండిలోంచి రెండు దోసిళ్లు తీసి రొట్టెలు కొట్టింది. మూడు పెద్దవి, ఒకటి చిన్నది అయ్యాయి. పిండి కొద్దీ రొట్టె అంటూ చిన్నదాన్ని తనకు ఉంచుకుని, మొదటిదాన్ని హిమజకు పెట్టింది. బొబ్బలెక్కిన చెయ్యి చూసి నూనె రాసింది. రాస్తూ రాస్తూ, నీకెన్ని చరణాలు పట్టుబడినాయని అడిగింది. అన్నీ ఇందులో ఉన్నాయి అవ్వా అని హిమజ రికార్డరు చూపించింది.

"దాన్ని కాదు, నిన్ను అడుగుతాండ."

హిమజ వేళ్లు మడవసాగింది. తంగేడు ఉంది. రేగుచెట్టు ఉంది. రాతిగుట్ట, వంక. ఎనిమిది దాకా లెక్కపెట్టి ఆగింది.

"చాల్లే" అంది ఉరుకుందమ్మ. "మంగళారం పోయినాక గొంతు వచ్చెనా, సరే. రాకుంటే నువ్వు రా. ఇద్దరం కూర్చుందాం. నువ్వు పాడు, నేను ఊఁకొడతా."

తిరుగు బస్సులో పెట్టెలు రెండూ సీటు కిందికి తోసి హిమజ కిటికీ పక్కన కూర్చుంది. పొద్దున్నుంచి అడిగిన ప్రశ్న ఆమె మళ్లీ అడగలేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఒళ్లో కుడిచెయ్యి గుండ్రంగా తిరుగుతోంది, ఒక్కొక్క చుట్టుకు చున్నీ కొంచెం గరగరమంటోంది.

పక్కన ఉస్తాదు వేరుశనక్కాయలు ఒలుస్తూ ఆ చేతిని చూశాడు. ఆమె చరణం మధ్యలో ఆగిన చోట, కిటికీలోంచి బయటికి చూస్తూనే, ఊఁ అన్నాడు.