నల్లకొర్రకు దారి

బాబా శిష్యుడు కాశిం నాలుగు రోజులుగా గుట్ట దారి వైపే చూస్తున్నాడు.

గుట్ట మీది దర్గాలో బాబా దాచిన నల్లకొర్ర విత్తనం కుండలో అట్లాగే ఉంది. అప్పుడే మూడేళ్ళయింది. ఈ వానకు మట్టిలో పడకపోతే ఇక మొలిచే సత్తువ ఉండదు. గుట్ట చూస్తే అంతా బండే, గుప్పెడు చల్లుకునే చోటు లేదు.

ఈ విత్తనం సంగతి రైతులకు తెలియాలని కాశిం రాత్రింబగళ్ళు కూర్చొని ఒక వెబ్‌సైటు పెట్టాడు. వెబ్‌సైటంటే అదొక చిత్రమైన ఇల్లు. ఊరుండదు, వీధుండదు. ఎవరో ఒకరు చేయి చూపితేనే దాని గడప దొరికేది. పడమట మబ్బు కమ్ముతోంది గానీ గుట్టెక్కి ఒక్కరూ రాలేదు. పైగా ఆ పొద్దున, ఫోన్లో ఎంత వెతికినా ఆ సైటు కనబడటమే మానేసింది.

కాశిం వచ్చి బాబా ముందు కూలబడ్డాడు.

“నావల్లే పోయింది బాబా. లింకులు కొన్నాను.”

“లింకంటే ఏంది నాయనా?” బాబా చేటలో రాళ్ళు ఏరుతున్నాడు.

“వేరేవాళ్ళ సైట్లో మన పేరు ఉంటాది. దాన్ని నొక్కితే మన కాడికొస్తారు. నమ్మకమైనోళ్ళు అట్లా చూపిస్తే మనకు విలువ. ఎందరికి రాసినా ఒక్కరూ చూపించలా. దాంతో మూడొందల లింకులు కొన్నా. అవి కొన్నవని తెలిసి, ఫోన్లో వెతికిపెట్టేవాళ్ళు మన సైటును తీసేసినారు.”

“ఎవురు చూపించినారు?”

కాశిం తల వంచుకున్నాడు. “పందేల సైట్లోళ్ళు. బరువు తగ్గే మాత్రలమ్మేవాళ్ళు.”

బాబా నవ్వలేదు, కోప్పడలేదు. “తలకు తువ్వాలు చుట్టుకొని బస్టాండుకు పో. నల్లకొర్ర విత్తనం యాడ దొరుకుతాదో అడుగు. నువ్వెవురో చెప్పొద్దు.”

బస్టాండులో టీ కాచే నాగులమ్మ అడగ్గానే చెప్పింది. “వంకపల్లె చెన్నక్క కాడికి పోప్పా. నల్లకొర్ర ఆమె కాడ గూడా లేదులే. ఐనా ఆమెనే అడుగు.”

కాశిం తువ్వాలును ముఖం మీదికి లాక్కున్నాడు. “గుట్ట మీద దర్గాలో ఉందంటనే?”

“ఏమో. మావోడు మొన్న ఆ దర్గా సైటు ఫోన్లో చూసినాడు. బాబా ఫొటోలుండాయి, ఉరుసు ఫొటోలుండాయి. విత్తేదెట్లనో లేదు. పోయినేడు నా చేన్లో కొర్ర ఒక్క మొలకా రాలా. చెన్నక్కే వచ్చి, సన్నగింజ లోతుకు పోతే రాదు, ఇసకలో కలిపి పైపైన చల్లు అనింది. దోసెడు చల్లి చూపించింది గూడా.” గ్లాసు అందిస్తూ నవ్వింది. “ఫొటోలు చల్లితే మొలుస్తాయా?”

అతను తిరిగొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి.

“చూపించినారా?” అన్నాడు బాబా.

“చూపించినారు బాబా. వేరే చోటికి.”

“తప్పుదారి చూపించినారా?”

కాశిం తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. “లేదు.”

బాబా లోపలికి పోయి కుండ తెచ్చాడు. మూతికి కట్టిన గుడ్డ బిగించి అతని చేతుల్లో పెట్టాడు.

“చెన్నక్కకు ఇచ్చి రా.”

కాశిం కుండను పొట్టకు అదుముకున్నాడు. “ఉన్నదంతా ఆమెకిస్తే, ఇంక మన సైట్లో ఏముంటాది బాబా?”

“ఆమె విత్తుతుంటే చూడు. చూసింది రాయి.” బాబా గడప దగ్గర ఆగాడు. “ఎవురి కాడ చూసినావో, ముందు అది రాయి.”