బంగారమ్మ నీటిబల్లికి తొమ్మిది అంగుళాలు

సాలూరులో బట్టలు కుట్టే సింహాచలానికి, అతని తమ్ముడు గవరయ్యకి, సింహాచలం పెళ్ళాం బంగారమ్మకి ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడూ గొడవ రాలేదు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఊరు ఒప్పుకోలేదు. తెలివిలేని వాళ్ళని అడిగేదేముందని వీళ్ళు ఊరిని అడగనూ లేదు.

బంగారమ్మకి పిల్లల్లేరు. ఉగాది ముందు రంగు చేపలమ్మే కాంతారావు దుకాణానికి తెర కుట్టి తీసుకెళ్ళినప్పుడు, గాజు తొట్టిలో ఒక జీవిని చూసింది. చేప కాదు, నాలుగు కాళ్ళున్నాయి. బల్లి కాదు, మెడకి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలున్నాయి. పేరు ఆక్సొలాటల్ అట. నోరు ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంది. ఊళ్ళో వాళ్ళు బంగారమ్మ వెనకాల నవ్వేవాళ్ళు. ఇది ఎదురుగా నవ్వింది. అంతే, ఆమె ప్రాణం దాని మీదకి పోయింది.

కాంతారావు మంచివాడు, తీసుకుపొమ్మన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. ఇప్పుడు నాలుగు అంగుళాలుంది, ఒంటికి బాగుంటే దసరాకి తొమ్మిది అంగుళాలవుతుంది, అవకపోతే వచ్చి తీసుకుపోతానన్నాడు. నీడలో పెట్టమన్నాడు, వానపాములు వెయ్యమన్నాడు, దాని రెండు కళ్ళ మధ్య ఎంత వెడల్పుంటుందో అంతకంటే లావైన పాము వెయ్యొద్దన్నాడు. ఆఖరికి ఇంకోమాట గట్టిగా చెప్పాడు.

"చల్లగా ఉండాలి చెల్లెమ్మా. ఏం చేసినా చల్లగా చెయ్యి. వేడి తగిలిందా, పోతుంది."

కొలతలు చెప్పాక ఇంకేముంది, దర్జీల ఇల్లు కదా. గవరయ్య రోజూ డబ్బాడు వానపాముల్ని బల్ల మీద పోసి టేపు పెట్టేవాడు. వానపాము సాగితే సన్నం, ముడుచుకుంటే లావు. రాసిన కొలత రాస్తుండగానే మారిపోయేది. ఈ పాముకి నిలబడ్డం రాదు, కొలతిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టమని చెప్పు వదినా, అనేవాడు. బంగారమ్మ వంగి పాముకి చెప్పేది. మధ్యాహ్నానికి గవరయ్యకి విసుగొచ్చి డబ్బా మొత్తం నీళ్ళలో దులిపేసేవాడు. దాని నోటికి పట్టినవి అది తినేది. అలా దాని కడుపు నిండింది, వీళ్ళ తెలివి వల్ల కాదు.

చల్లదనానికి ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ తొట్టి వైపు తిప్పారు. వేసవంతా ముగ్గురూ చెమటలు కక్కారు. కుట్టిన జాకెట్లన్నీ చెమట మరకలతోనే పోయాయి.

దసరా ఇంక మూడు రోజులుందనగా సింహాచలం టేపు ముంచి కొలిచాడు. అయిదు అంగుళాలు. బంగారమ్మ ఆరు నెలలు తిన్నది ఎటు పోయిందని ఏడ్చింది. సింహాచలం చెవి మీది సుద్దముక్క తీసి, మళ్ళీ పెట్టుకుని, చాలాసేపు ఆలోచించాడు.

"కొత్త గుడ్డ ఏ రోజైనా తడపకుండా కత్తిరించామా? ఎందుకూ, తడిస్తే పొట్టిదైపోతుంది కాబట్టి. ఒక్క పూట తడిసిన గుడ్డే అలా అయిపోతే, ఆరు నెలలు నీళ్ళలో నానిన ఒళ్ళు ఇంకేం పెరుగుతుందే, పిచ్చిదానా."

అంత తెలివైన మొగుడు దొరికినందుకు బంగారమ్మ కళ్ళు తుడుచుకుంది. వెంటనే దాన్ని నీళ్ళలోంచి తీశారు. ఆరబెడితే సాగుతుందని గవరయ్య దండెం తుడిచాడు. ఒంటి మీద మచ్చ పడకూడదని బంగారమ్మ క్లిప్పులకి మెత్తటి గుడ్డ చుడుతోంది. చుట్టడం అయ్యేలోపే, దారిన పోతూ ఒకసారి చూసిపోదామని కాంతారావు లోపలికొచ్చాడు.

అతను వస్తూనే దాన్ని ఒడిసిపట్టి పక్కనున్న నీళ్ళ బకెట్లో వేశాడు. అది రెండుసార్లు తోకాడించాక అప్పుడు తిట్టడం మొదలుపెట్టాడు. సింహాచలం శాంతంగా విని, అయిదు అంగుళాలేనని ఒప్పుకున్నాడు. కాంతారావు టేపు లాక్కుని ముక్కు నుంచి తోక చివరిదాకా తనే కొలిచాడు. తొమ్మిది.

తోక ఎందుకు కొలవలేదని అడిగాడు. సింహాచలం జాలిగా చూశాడు. "తోక అంచు కదయ్యా. మడిచి కుట్టే అంచుని పొడుగులో ఎవరైనా కలుపుతారా?"

కాంతారావు నుదురు కొట్టుకున్నాడు. కానీ ఎలా పెరిగితేనేం, జీవి నిగనిగలాడుతోంది. బంగారమ్మ బకెట్ పక్కన చతికిలబడి, కొంగు నోట్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది. అతని మనసు కరిగింది.

"సరే, ఉంచుకో చెల్లెమ్మా. ఇంక నీళ్ళలోంచి తియ్యకండి. కొలత సరిపోయింది."

బంగారమ్మ బకెట్లోకి చూసింది. అది నవ్వుతోంది. ఆమె కూడా నవ్వింది. వెనకనుంచి సింహాచలం గొంతు వినబడింది.

"కొలత సరిపోయింది, విన్నావా? పని అయిపోయినట్టే. గవరయ్యా, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజెయ్యి."

అంతే. కాంతారావు బకెట్ ఎత్తుకుని వీధిలో పడ్డాడు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేశాడు.

బంగారమ్మ గుండె బద్దలైంది. మొగుడి మీద విరుచుకుపడింది. ఇంత వయసొచ్చినా బుర్ర లేదని, చేతికొచ్చిన బిడ్డని పోగొట్టావని దులిపేసింది.

"ఏం చేసినా చల్లగా చెయ్యమని అన్నయ్య మొదటే చెప్పలేదా? ఎవడైనా బొగ్గులు వేస్తాడా?"

సింహాచలం తల దించుకున్నాడు. తప్పు తప్పే. బంగారమ్మ ఇస్త్రీపెట్టెలోని బొగ్గులన్నీ బోర్లించింది. పెట్టెని కుండలోని నీళ్ళలో ముంచి తీసింది. కొంగు బిగించి, దాన్ని రెండు చేతులా పట్టుకుని రోడ్డు మీద పరుగెత్తింది.

"ఆగన్నయ్యా, చల్లటిదే తెస్తున్నాను."