పట్టపుటేనుగు పగటిశాలకు వెళ్ళి రావడం

నేను చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధమున్నా, నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి. మూడోది నిన్న రాలింది. అది వేరే సంగతి.

ఒక రాజుకి ఒక పట్టపుటేనుగు ఉండేది. అది సారా తాగేది. కుండలతో కాదమ్మాయ్, బావులతో. తాగి తుమ్మితే పక్క రాజ్యంలో జనం తూలేవారు.

ఊరికే తాగలేదు పాపం. ఎప్పుడో యుద్ధంలో భేరీల మోతకి బెదిరింది. యుద్ధం ఆగింది గానీ దాని చెవుల్లో మోత ఆగలేదు. తాగితే కాసేపు ఆగేది.

రాజు దాన్ని ఇనుప గోడల మధ్య పెట్టించాడు. లోపలున్నన్నాళ్ళూ చుక్క ముట్టలేదు. "నయమైపోయింది" అని రాజు పూలదండ వేసి బయటికి వదిలాడు. దండతోనే తిన్నగా సారాకొట్టుకి పోయింది.

"గోడ ఎత్తు చాల్లేదు" అన్నాడు రాజు. మళ్ళీ లేపించాడు. ఎంత ఎత్తు లేపించాడంటే, చందమామ దాన్ని చుట్టి పోవాల్సొచ్చేది. ఏనుగు బయటికొచ్చింది. మళ్ళీ కొట్టుకే పోయింది.

"ఇంకొక్కసారి తూలిందంటే బతికినంతకాలం నాలుగు కాళ్ళకీ గొలుసులే" అన్నాడు రాజు.

ఆ మాట విన్న మావటికి అన్నం సహించలేదు. వాడు ఆ ఏనుగు పొట్ట పక్కన పడుకుని పెరిగినవాడు. దాన్ని ఊరి చివర, మనసు జబ్బులు నయంచేసే పగటిశాలకి తోలుకుపోయాడు. ఆ శాలకి తలుపుల్లేవు. పొద్దున్నే రావాలి, సాయంత్రం ఇంటికి పోవాలి. నడిపేది ఒక ముసలాయన.

రాజు వచ్చి చూసి నవ్వాడు. "ఏమయ్యా, ఇదేమన్నా బడా? రాత్రి ఇంటికి పంపిస్తే జబ్బెలా పోతుంది?"

"బతకాల్సింది ఇంట్లోనే కదా ప్రభూ" అన్నాడు ముసలాయన. "నిలబడలేక పడిపోయేవాళ్ళకి ముందు మీ గోడలే కావాలి. ఇది నిలబడుతోంది. ఇక కొట్టు ముందు నుంచి నడిచి పోవడం నేర్చుకోవాలి. మీ గోడల మధ్య కొట్టు లేదాయె."

శాలలో అప్పటికే నల్లమందు మరిగిన గాడిద ఒకటుంది. దిగులుతో తిండి మానేసిన చిలక ఒకటుంది. కడుక్కుని కడుక్కుని బొచ్చంతా పోగొట్టుకున్న పిల్లి ఒకటుంది. అన్నీ గుండ్రంగా కూచుని, ఎవరి గోడు వాళ్ళు చెప్పుకునేవి. ఒకరు చెప్తుంటే మిగతావాళ్ళు సలహాలివ్వకూడదు. గాడిదకి అదే కష్టంగా ఉండేది.

ముసలాయన దూరంగా నిలబడి డప్పు మీద ఒక్క వేలితో కొట్టేవాడు. ఏనుగు వణికేది. మావటి దాని చెవి మీద చెయ్యేసి నిలబడేవాడు. రోజురోజుకీ డప్పు కాస్త దగ్గరికొచ్చేది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు ఆయన చెప్పేవాడు: "తొండం నిండా నీళ్ళు పట్టుకుని వెళ్ళు నాయనా. ఖాళీ తొండానికే వాసన తగులుతుంది."

అలా కొన్నాళ్ళు కొట్టు దాటింది. ఒకరోజు దాటలేకపోయింది. మర్నాడు తలొంచుకుని శాలకే వచ్చింది. "వచ్చావా, కూచో" అన్నాడు ముసలాయన. మావటి ఆ సంగతి కోటలో చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు, నీకు తప్ప.

వానలు వెళ్ళేసరికి ఏనుగు తూలడం మానేసింది. రాజు పొంగిపోయాడు. నయమైనందుకు కోటలో పండగ పెట్టించాడు. భేరీలు తెప్పించాడు. ఏనుగు ముందు ఇల్లంత కుండ పెట్టించాడు, నిండా సారా.

"ఈ ఒక్కరోజుకీ తాగవే. నయమైంది కదా" అన్నాడు.

భేరీలు మోగాయి. ఏనుగు చెవుల్లో పాత మోత లేచింది. తొండం కుండ దాకా పోయింది. మావటి దాని చెవి మీద చెయ్యేశాడు.

ఏనుగు వెనక్కి తిరిగి గుర్రాల తొట్టి దగ్గరికి వెళ్ళింది. తొండం నిండా నీళ్ళు పట్టింది. భేరీలు ఆగేదాకా అలాగే నిలబడింది.

పోసిన సారా పారబొయ్యడం రాజుకి ఇష్టం లేకపోయింది. కుండంతా తనే తాగాడు.

పొద్దున్నే ఏనుగు ఎప్పట్లాగే శాలకి బయల్దేరింది. తొండంలో ఈసారి నీళ్ళు లేవు, రాజున్నాడు. తీసుకెళ్ళి గుండ్రంగా కూచున్నవాళ్ళ మధ్య దించింది.

"నాకేం జబ్బయ్యా? నేను రాజుని" అన్నాడు రాజు.

"అలాగే ప్రభూ. సాయంత్రం పంపించేస్తాంగా" అన్నాడు ముసలాయన. గాడిద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

సరేగానీ అమ్మాయ్, కబుర్లతో పొద్దెక్కింది. ఈ మజ్జిగ కుండ పగటిశాలలో ఇచ్చిరా. రాజుగారికి ఇంకా చేతులు వణుకుతున్నాయట, పెద్ద గిన్నెలో పొయ్యమను. కుండ బరువు, నువ్వొక్కదానివే మొయ్యలేవు. రాత్రి కూడా తూలుతూ వచ్చాడటగా, మీ ఆయన్ని తోడు తీసుకెళ్ళు.