ట్రైలరు మూతమీద నీడ

దేవుడు తెలివి పంచడానికి బయల్దేరినప్పుడు మొదట తమ గుమ్మంలోనే గంప దించాడని నూకాలు అందరితో చెప్పేది. అడుగున మిగిలిందేదో తర్వాత ఊరికి పంచాడట. ఆమెకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఎల్లాజీ, నడిమివాడు తాతారావు, చిన్నవాడు పోలయ్య. చిన్నవాడంటే మీసం నెరవడం ఇప్పుడిప్పుడే మొదలైనవాడని అర్థం. సముద్రం ఒడ్డున ఫైబరు పడవలకి చిల్లులు పూడ్చి రంగులు వేసుకుని బతుకుతారు. చేతిపనికి వంక పెట్టడానికి లేదు. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తారు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

"మావోళ్ళు సెప్పినదానికి ఎంట్రుకవాసి ఎక్కువ సెయ్యరు, ఎంట్రుకవాసి తక్కువ సెయ్యరు" అని నూకాలు గొప్పగా చెప్పుకునేది. మీసం లేదు గానీ, ఉంటే మెలేసేదే.

అదే ఊళ్ళో వేదవల్లి గారని ఒకావిడ ఉన్నారు. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఆవిడకి ఒక గ్లైడరు ఉంది. అంటే ఇంజను లేని విమానం. పొడుగాటి తాడు కట్టి యంత్రంతో లాగితే గాలిపటంలా లేస్తుంది, తాడు వదిలేశాక గాలిమీద తేలుతుంది. ఎగరనప్పుడు రెక్కలు ఊడదీసి ముప్ఫై అడుగుల పెట్టెలో పెడతారు. ఆ పెట్టెకి చక్రాలుంటాయి. జీపు వెనక తగిలించి మైదానానికి లాక్కెళ్తారు. ట్రైలరంటే అదే. దాని మూత ఫైబరుది. పదమూడేళ్ళ ఎండకి ఆ మూత రంగు వెలిసి, ముట్టుకుంటే సున్నంలా పొడి రాలుతోంది. సన్నటి పగుళ్ళలోంచి వాన కారుతోంది.

వచ్చే ఆదివారం ఆవిడ ఎగరాలి. డెబ్భై నిండుతున్నాయి. ఒంటరిగా ఎగరొచ్చని డాక్టరిచ్చిన కాగితం ఆ ఆదివారంతో సరి. మళ్ళీ ఇవ్వనని ఆయన ముఖంమీదే చెప్పేశాడు. భర్త పోయాక ఆవిడకి మిగిలిన సరదా అదొక్కటే. ఆఖరిసారి, ఒక్క అరగంట పైన తిరిగి వస్తే చాలనుకున్నారు. రెక్కలు తడిసినా పాడైనా ఎగరనివ్వరు. అందుకని ముందు మూత బాగుపడాలి.

సోమవారం నలుగురినీ పిలిపించారు.

"చూడండయ్యా, నేను విశాఖపట్నం వెళ్ళి శనివారం పొద్దున్నే వస్తాను. మొదట పాత రంగు రుద్దండి. చేతికి తెల్లపొడి అంటకుండా అయ్యేదాకా రుద్దాలి. తర్వాత చుక్క నీరు దిగకుండా పగుళ్ళు పూడ్చండి. ఆపైన తెల్లరంగు. నల్లరంగు తగిలిందంటే ఎండకి కాలిపోయి, లోపల రెక్కల జిగురు మెత్తబడుతుంది. ఇదిగో, కొత్తలో తీసిన ఫోటో. అచ్చం ఇలాగే ఉండాలి."

"అచ్చం అలాగే ఉంటాదండి" అన్నాడు ఎల్లాజీ.

"మళ్ళీ చెప్పక్కర్లేదు కదా?"

"ఒకసారి సెప్తే సాలండి మేడంగారూ. రెండోసారి సెప్తే రెండుసార్లు సేసేత్తారు మావోళ్ళు" అంది నూకాలు.

మంగళవారం పొద్దున్నే ఉప్పుకాగితాలు పట్టుకుని మూత మీద పడ్డారు. రుద్ది చెయ్యి వేసి చూస్తే తెల్లపొడి. మళ్ళీ రుద్దారు, మళ్ళీ పొడి. ఫైబరుని రుద్దితే పొడి రాక పాలొస్తాయా? కానీ మేడంగారు పొడి అంటకూడదన్నారు. ఆ రోజంతా రుద్దారు. బుధవారం కూడా రుద్దారు. మధ్యాహ్నం భోజనాల వేళకి పోలయ్య చెయ్యి మోచేతిదాకా కిందకి దిగిపోయింది.

"అన్నా! ఇక్కడ పొడి అంటట్లేదు!"

అందరూ పరిగెత్తుకొచ్చి చూశారు. చిల్లు గుమ్మడికాయ పట్టేంత ఉంది. ఎల్లాజీ అందులో చెయ్యి పెట్టి గుండ్రంగా తిప్పాడు. అరచెయ్యి చూసుకున్నాడు. పొడి లేదు.

"ఇదీ పనంటే" అన్నాడు.

ఇంకేముంది, మిగతా ఇద్దరికీ పౌరుషం పొడుచుకొచ్చింది. పొద్దు వాలేలోగా ఇంకో రెండు చోట్ల పని పూర్తయింది. సరిగ్గా అప్పుడే వేదవల్లి గారు ఫోన్ చేశారు.

"ఎంతవరకు వచ్చిందయ్యా?"

"మూడుచోట్ల పొడన్న మాటే లేదండి. ఇటునించి అటు కనపడతంది, అంత శుభ్రం" అన్నాడు ఎల్లాజీ.

"శభాష్" అన్నారు ఆవిడ, పాపం.

చిల్లులు పూడ్చడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ఫైబరు చాప ముక్కలు కత్తిరించి, మందు కలిపి, పూత మీద పూత పూశారు. గురువారం పొద్దెక్కేసరికి చిల్లులన్నీ మూసుకుపోయాయి. ఇక చుక్క నీరు దిగదని తేలాలి. పడవ చిల్లు పూడ్చినవాడు ఏం చేస్తాడు? నీళ్ళలోకి తోసి చూస్తాడు. మూత బోల్టులు విప్పారు. దారినపోయే ఆరుగురిని సాయం పిలిచి సముద్రానికి మోయించారు. వెల్లకిలా తిప్పి నీళ్ళలో పెడితే అదీ ఒక పడవే. నలుగురూ ఎక్కి కూర్చున్నారు. హాయిగా తేలింది. చుక్క నీరు రాలేదు. తాతారావు గాలం వేస్తే రెండు చేపలు కూడా పడ్డాయి.

అర మైలు వెళ్ళాక నూకాలికి అనుమానం వచ్చింది.

"ఒరే, నీళ్ళు కిందనించి రాలేదు, బాగుంది. వాన కిందనించి కురుత్తాదేట్రా?"

కొడుకులు ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంత ఆలోచన తమకెందుకు రాలేదని సిగ్గుపడ్డారు.

"మూతని మూతలాగ పెట్టి సూడాల" అంది నూకాలు.

అంతే. నలుగురూ ఒకపక్కకి ఒరిగి, తాము కూర్చున్న మూతని తామే బోర్లించారు. పక్కన వలలు వేసుకుంటున్నవాళ్ళు వచ్చి ఒక్కొక్కరినే జుట్టు పట్టుకుని పైకి లాగారు. మూతకి తాడు కట్టి ఒడ్డుకి చేర్చారు.

"నీళ్ళు దిగాయేట్రా?" అని అడిగింది నూకాలు, ముక్కులోంచి సముద్రం కారుతుండగా.

"మూతలోకి దిగలేదమ్మా. మనలోకే దిగేయి" అన్నాడు ఎల్లాజీ. పని బాగా కుదిరినందుకు అందరూ సంతోషించారు.

శుక్రవారం మూతని మంచినీళ్ళతో కడిగి, బిగించి, తెల్లరంగు వేశారు. రెండు పూతలు. మధ్యాహ్నానికి ఆరింది. అద్దంలా ఉంది. నిజం చెప్పాలంటే అంత చక్కటి పని ఆ చుట్టుపక్కల ఎవరూ చెయ్యలేరు. అక్కడితో ఆగి ఇంటికి పోయి పడుకుంటే నాకు ఈ కథ చెప్పే శ్రమ తప్పేది. కానీ ఎల్లాజీ మేడంగారిచ్చిన ఫోటో జేబులోంచి బయటికి తీశాడు.

ఫోటోలో ట్రైలరు మేడంగారి పెరట్లో ఉంది. పక్కన కొబ్బరిచెట్టు. చెట్టు నీడ, మట్టలతో సహా, తెల్లటి మూతమీద ఏటవాలుగా పడి ఉంది. ఫోటో మూల, మూత చివర మీదికి వచ్చేలా, గులాబిరంగులో ఏదో ముద్ద ఉంది.

"నీడ వెయ్యడం మర్సిపోయాం" అన్నాడు ఎల్లాజీ.

"మేడంగారు నల్లరంగు వద్దన్నారు కదన్నా" అన్నాడు పోలయ్య.

"ఇది రంగేట్రా? నీడ. నీడంటే సల్లగా ఉంటాది. రెక్కలకి మరీ మంచిది."

తాతారావు ఆ గులాబి ముద్దని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మరిదేటి?"

"బొటనేలు."

"ఎవరిది?"

"మూతమీదుంటే మూతదే."

"మూతకి బొటనేలుంటాదేటన్నా?"

"కొత్తలో ఉండుంటాది. ఎండకి రాలిపోయింది. అందుకే కదా బాగుసెయ్యమన్నారు."

ఇంకేముంది, నల్లరంగు డబ్బా, గులాబిరంగు డబ్బా తెచ్చారు. గంటన్నరలో మూతమీద కొబ్బరిచెట్టు నీడ పడింది. చివర బొటనవేలు కూడా వేశారు, గోరుతో సహా. పనంతా అయ్యాక వెనక్కి జరిగి చూసుకున్న నూకాలు గుండెమీద చెయ్యి వేసుకుంది. ఫోటోలోని కొబ్బరిచెట్టు ఇంకా పెరట్లోనే ఉంది మరి. దాని నీడ మూతమీద మరోచోట పడుతోంది.

"ఒరే, ఒక సెట్టుకి రెండు నీడలేట్రా? ఆవిడ ఫిజిక్సు మేడంగారు! ఊరుకుంటారా?"

ముగ్గురూ ట్రైలరుని తోశారు. కాస్త ఇటు, కాస్త అటు. మూడున్నరకి అసలు నీడ వచ్చి వేసిన నీడమీద సరిగ్గా కూర్చుంది. అమ్మయ్య అనుకుని బీడీలు ముట్టించారు. బీడీ సగం కాలేసరికి అసలు నీడ జరిగిపోయింది. మళ్ళీ తోశారు. అలా సూర్యుడి వెంట తోస్తూ తోస్తూ పెరడంతా తిప్పారు. పొద్దు గూకి అసలు నీడ మాయమయ్యాక గానీ వాళ్ళకి విశ్రాంతి దొరకలేదు.

"సెట్టుది పోయింది. మనది సూడు, ఇంకా ఉంది" అన్నాడు తాతారావు. గట్టి పనికి అదే గుర్తని నూకాలు ఒప్పుకుంది.

శనివారం పొద్దున్నే వేదవల్లి గారు బండి దిగారు. చేతిలో సంచీ దించకుండానే ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత మెల్లగా మూత చివరికి వెళ్ళి ఆ బొటనవేలిని చూశారు. ఆ ఫోటో తీసింది ఆవిడ భర్త. ఆయన జన్మలో వేలు అడ్డం పెట్టకుండా ఒక్క ఫోటో తీసిన పాపాన పోలేదు. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే పైటతో కళ్ళు ఒత్తుకున్నారు. నలుగురూ పని నచ్చిందనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఈ వేలు ఇలాగే ఉండనీ" అన్నారు ఆవిడ. "కానీ ఎల్లాజీ, ఆ నీడ పోవాలి. మధ్యాహ్నానికి ఆ నలుపంతా పెనంలా కాలుతుంది. రెక్కకి ఆ నీడే శత్రువు. రెక్క పాడైతే రేపు నేను ఎగరలేను. ఇక ఎప్పటికీ ఎగరలేను. నేను స్నానం చేసి వచ్చేలోగా నీడ పోవాలి."

ఆవిడ లోపలికి వెళ్ళారు. ఎల్లాజీకి ఏడుపు ఒక్కటే తక్కువ. మేడంగారంటే వాళ్ళకి ప్రాణం. తమ చేతులతో ఆవిడకి ఇంత కష్టం తెచ్చిపెట్టినందుకు ముగ్గురూ తలలు వేలాడేశారు.

"నీడ ఎలా పోద్దమ్మా?"

"సెట్టుండగా నీడెలా పోద్దిరా, ఎర్రి నాయనా!" అంది నూకాలు.

అంతే. వేదవల్లి గారు తడిజుట్టుతో బయటికి వచ్చేసరికి కొబ్బరిచెట్టు ప్రహరీగోడ మీద అడ్డంగా పడి ఉంది. ఎల్లాజీ గొడ్డలి తుడుచుకుంటున్నాడు. మూతమీద నీడ, ఒక్క మట్ట తగ్గకుండా, ఉన్నచోటే ఉంది.

"కంగారు పడకండి మేడంగారూ" అన్నాడు. "సెట్టు ఇప్పుడే కదండీ పడింది. నీడకి కబురందాల."

ఆవిడ తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. కుచ్చెళ్ళు ఎగదోపుకుని, తెల్లరంగు డబ్బా మూత ఊడదీసి, బ్రష్షు తనే పట్టుకున్నారు. నలుగురూ గోడమీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూశారు.

"పోతందన్నా!" అన్నాడు పోలయ్య. "మట్టలు పోతన్నాయి!"

"ముందు మట్టలే పోతాయి. తర్వాత మాను" అన్నాడు ఎల్లాజీ, తెలిసినవాడిలా.

మాను కూడా పోయాక నూకాలు తృప్తిగా లేచి నిలబడింది. "ఎందుకైనా మంచిదని ఆవిడ రంగు కూడా ఏసేరు. సదువుకున్నోళ్ళు కదా, నమ్మకం తక్కువ" అంది కొడుకులతో చెవిలో.

ఆదివారం రెక్కలు పొడిగా, చల్లగా మైదానం చేరాయి. రెక్కలు పట్టుకోవడానికి మనుషులు కావాలి గనక నలుగురూ జీపులో వచ్చారు. మిగిలిన తెల్లరంగు తెచ్చారు, గొడ్డలి కూడా తెచ్చారు. పనివాడు పనిముట్టు వదిలి బయల్దేరకూడదని నూకాలు నియమం. గ్లైడరు బిగించారు. వేదవల్లి గారు లోపల కూర్చుని పైన గాజు కప్పు మూసుకున్నారు. తాడు బిగిసింది. ఒక్క ఊపుతో గ్లైడరు లేచి, తాడు వదిలేసి, చప్పుడు లేకుండా తిరగసాగింది. పోలయ్య చప్పట్లు కొట్టాడు. నూకాలు దణ్ణం పెట్టింది. పైన ఆవిడ ఎంత సంతోషంగా ఉన్నారో కింద నిలబడ్డ ఎవరికైనా తెలిసిపోయేది.

అప్పుడు తాతారావు కింద చూశాడు.

మైదానంలో ఒక నల్లటి నీడ పరిగెడుతోంది. దానికి రెండు రెక్కలున్నాయి.

"అమ్మా! మేడంగారి రెక్కలకి నీడ పట్టేసింది!"

ఇంకేముంది, రంగు డబ్బా పుచ్చుకుని నీడ వెంట పడ్డారు. నీడ గడ్డిమీదికి పోతే గడ్డికి రంగు వేశారు. మేకమీదుగా పోతే మేకకి వేశారు. తాడు లాగే యంత్రానికి వేశారు. ఆ యంత్రం నడిపే ఆయన వద్దు వద్దంటుండగానే ఆయన టోపీకీ వేశారు. నీడ మాత్రం ఒక్కచోట నిలవలేదు. అరగంటకి డబ్బా అడుగంటింది. ముగ్గురూ రొప్పుతూ కూలబడ్డారు.

"తెల్లరంగుకి పోవట్లేదమ్మా" అన్నాడు ఎల్లాజీ. ఈసారి నిజంగానే ఏడుస్తున్నాడు. "ఆవిడ ఆఖరిసారి ఎగుర్తున్నారు. రెక్కలు కాలిపోతే ఎలాగ?"

"నిన్న మాత్రం రంగుకి పోయిందేట్రా?" అంది నూకాలు. "దేని నీడో దాన్ని కొడితే కదా పోయింది!"

ఎల్లాజీ కళ్ళు తుడుచుకున్నాడు.

గ్లైడరు మెల్లగా దిగి, గడ్డిమీద జారి, వాళ్ళ ముందుకే వచ్చి ఆగింది. ఒక రెక్క నేలకి ఒరిగింది. వేదవల్లి గారు గాజు కప్పు తెరిచారు. ముఖమంతా నవ్వు, కళ్ళనిండా నీళ్ళు. వాళ్ళకి చెయ్యి ఊపారు.

ఎల్లాజీ అరచేతుల్లో ఉమ్మేసుకుని గొడ్డలి ఎత్తాడు.

"మీరు లోపలే కూకోండి మేడంగారూ. ఒక్క నిమిషంలో అయిపోద్ది."