ఎగిరే అక్షరాలు

డాక్టర్ హేమాద్రికి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక మూడు రోజులుగా దాన్ని కడుపులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

మార్కాపురం చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేసే నలభైమంది ఆశా కార్యకర్తలకు అతను కిందటి నెల ఒక క్లాసు చెప్పాడు. పసిబిడ్డకు న్యుమోనియా వస్తే ఇంటి దగ్గరే ఎలా గుర్తుపట్టాలి అన్నది పాఠం. ముప్పై ఎనిమిది స్లైడ్లు. వారం రోజులు కూర్చుని చేశాడు. క్లాసు అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఫోన్లో వీడియో కూడా తీసుకుంది.

మూడు వారాలు తిరక్కుండానే నలభై రోజుల బిడ్డనొకణ్ణి ఆసుపత్రికి తెచ్చారు. పెదాలు నీలంగా మారిపోయాయి. అంతకు ముందురోజే ఆ ఇంటికి వెళ్ళి బిడ్డను చూసి వచ్చింది రాహేలు. క్లాసులో మొదటి వరసలో కూర్చున్న మనిషి. ఉత్త జలుబేలెమ్మని తల్లికి ధైర్యం చెప్పి వచ్చిందట. నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టాక బిడ్డ దక్కాడు.

"నా క్లాసు నీకు ఒక్క ముక్కైనా గుర్తుందా?" అని అడిగాడు హేమాద్రి.

"ఎందుకు గుర్తులేదు సార్? న్యుమోనియా అని అక్షరాలు ఒక్కోటీ పైనుంచి గిర్రున తిరుక్కుంటా వచ్చి కూర్చున్నాయి. ఆకర్న పావురం ఎగిరిపోయింది. శానా బాగుంది సార్."

ఆమె వెటకారంగా అనలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునే అంది. అందుకే హేమాద్రికి ఇంకా మండింది.

చలికాలం నెల రోజుల్లో ఉంది. మళ్ళీ క్లాసు గురువారం. ఈసారి కూడా వీళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే, తర్వాత వచ్చే బిడ్డ దక్కుతాడన్న నమ్మకం అతనికి లేదు. లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని తన గురువు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టర్ వకుళ మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్ళు పిల్లల వైద్యం నేర్పి, రిటైరయ్యాక సొంత ఊరికి వచ్చి పొద్దున పూట పిల్లల్ని చూస్తోంది. ఆమె దగ్గర చదివినవాళ్ళను ఎక్కడున్నా ఇట్టే పట్టుకోవచ్చు. స్టెతస్కోపును ముందు తమ అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచిగానీ బిడ్డ గుండె మీద పెట్టరు. అలా చెయ్యమని ఆమె ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. హేమాద్రీ అలాగే చేస్తాడు, తను చేస్తున్నట్టు అతనికీ తెలియదు.

"ఏదీ, చూపించు," అందామె, సంగతంతా విని.

ముప్పై ఎనిమిది స్లైడ్లూ చూసింది. ఒక శీర్షిక ఎడమవైపునుంచి జారుతూ వచ్చింది. ఇంకోటి బంతిలా గెంతుతూ వచ్చింది. బిడ్డ ఫొటో విసనకర్రలా విచ్చుకుంది. ఒక్కో వాక్యం వచ్చినప్పుడల్లా టింగుమని గంట మోగింది. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగి మరీ చూసింది.

"అబ్బ! ఆ పావురాన్ని ఇంకోసారి ఎగరెయ్యి హేమాద్రీ."

ఎగరేశాడు. ఆమె నిజంగానే ముచ్చటపడింది. గురువు మెచ్చుకుంటే ఎవరికైనా బాగానే ఉంటుంది. హేమాద్రికి కోపం సగం తగ్గింది.

"దీనికి ఇంకా ఏం కలిపితే వాళ్ళ బుర్రకెక్కుతుందమ్మా?"

"అది తర్వాత. నీకీ విద్య చాలా బాగా వచ్చు. ముందు నాకు నేర్పు."

వేళాకోళం అనుకున్నాడు. ఆమె అప్పటికే మందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన పాత డైరీ ఒకటి తీసి, పెన్ను పట్టుకుని కూర్చుంది.

"ఒక చిన్న గీత ఉందనుకో. అది లోపలికి పోయి మళ్ళీ బయటికి రావాలంటే?"

"దాన్ని ఎంచుకుని, ఇదిగో, ఇక్కడ నొక్కాలి."

"ఆగకుండా మళ్ళీ మళ్ళీ చెయ్యాలంటే?"

"ఎన్నిసార్లో ఇక్కడ అంకె వెయ్యాలి. ఎంత వేగంగానో ఇక్కడ."

"కొంచెం నెమ్మదిగా చెప్పు నాయనా, రాసుకుంటున్నాను."

డెబ్బై ఏళ్ళ మనిషి రెండుసార్లు తప్పు నొక్కింది. రెండుసార్లూ "మళ్ళీ చెప్పు" అని అడిగింది, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఆ రోజు ఆమెను చూస్తే చదువు ఎలా వస్తుందో ఎవరికైనా తెలిసిపోయేది. హేమాద్రి మాత్రం తను నేర్పుతున్నానన్న సంబరంలో ఉన్నాడు.

లేచి వెళ్ళేటప్పుడు ఆమె అడిగింది. "గురువారం క్లాసులో మొదటి పది నిమిషాలు నాకిస్తావా?"

గురువారం నలభైమందీ వచ్చారు. రాహేలు ఈసారి చివరి వరసలో, గోడకు ఆనుకుని కూర్చుంది. పావురాన్ని చూద్దామని కొందరు ముందే కుర్చీలు జరుపుకున్నారు.

తెర తెల్లగా ఉంది. శీర్షిక లేదు, గంట లేదు. మధ్యలో ఒక బిడ్డ బొమ్మ. అది డాక్టరమ్మ సొంతంగా గీసిందే. ఉన్నమాట చెప్పాలంటే సొరకాయకు కాళ్ళూ చేతులూ వచ్చినట్టుంది. ముందు వరసలో ఇద్దరు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. హేమాద్రికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరమ్మ ఒక్కసారి నొక్కి, పక్కకు తప్పుకుంది.

బొమ్మలో పక్కటెముకల కింద ఒక చిన్న గీత లోపలికి పోయింది. బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది.

అంతే. ఇంకేమీ రాలేదు. అక్షరాలు ఎప్పుడొస్తాయా అని అందరూ కాసేపు చూశారు. ప్రొజెక్టర్ పనిచేస్తోందా లేదా అని హేమాద్రి వైర్లు తడిమి చూసుకున్నాడు. గదిలో నవ్వులు ఆగిపోయాయి. గీత లోపలికి, బయటికి. ఎవరో పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పక్కనావిడ వేళ్ళు మడిచింది.

చివరి వరసలోంచి రాహేలు లేచి నిలబడింది.

"అమ్మా, బిడ్డ డొక్కలెగరేస్తన్నాడు!"

కుర్చీలు తోసుకుంటూ ముందుకు వచ్చేసింది. "ఆ బిడ్డా ఇట్టనే ఎగరేశాడమ్మా. నేను సూశా. సూసి గూడా వచ్చేశా."

ఆమె తెర దాకా వచ్చి ఆ వంకర బొమ్మ డొక్క మీద చెయ్యి పెట్టింది. ఆమె చేతి మీద గీత లోపలికీ బయటికీ ఆడింది.

నిమిషం నిండింది. గీత ఆగిపోయింది.

గది మొత్తం ఒక్కసారిగా "అయ్యో" అంది. హేమాద్రి కుర్చీలోంచి లేచాడు. ఆ గీతను ఆడించడం తనే నేర్పాడు. అంకె వేసినన్నిసార్లు ఆడి ఆగుతుందని అతనికి తెలుసు. అయినా లేచాడు.

"ఎన్నిసార్లు?" అని అడిగింది డాక్టరమ్మ.

"అరవై రెండు." "అరవై అయిదు." "అరవై నాలుగమ్మా!"

"అరవై నాలుగు. రెండు నెలల్లోపు బిడ్డకు ఊపిరి నిమిషానికి అరవైకి చేరిందా, ఇంక ఆగొద్దు. డొక్క ఎగరేస్తుంటే లెక్కతో కూడా పనిలేదు, ఆటో పిలవండి." ఆ తర్వాత ఆమె పక్కకు తిరిగింది. "డాక్టరుగారికి ఎన్ని వచ్చాయి?"

హేమాద్రి వైర్ల వైపు చూశాడు. అతను లెక్కపెట్టలేదు.

"ఇంకోసారి ఆడించండి సార్," అన్నారు ముందు వరసవాళ్ళు.

ఆడించాడు. ఈసారి తనూ వాళ్ళ మధ్య కూర్చుని లెక్కపెట్టాడు. నలభైమంది ఊపిరి బిగబట్టి కూర్చున్న గదిలో ఒక నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో అతనికి అంతవరకూ తెలియదు. రాహేలు పైకే లెక్కపెట్టింది. ఒక్క అంకె కూడా తప్పలేదు.

ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పావురం సంగతి ఎవరూ అడగలేదు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ తెర ముందు ఆగి, ఆ సొరకాయ బిడ్డను ఇంకోసారి చూసి వెళ్ళారు.

హేమాద్రి లాప్‌టాప్ మూసి, గురువు చేతిసంచి తను పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఉండబట్టలేక అడిగాడు.

"అమ్మా, నా క్లాసులో ఏం తక్కువైంది?"

డాక్టరమ్మ చెప్పులు వేసుకుంటూ అతని భుజం పట్టుకుంది.

"ఏమీ తక్కువ కాలేదు నాయనా. అన్నీ ఎగిరాయి. డొక్క ఒక్కటే ఎగరలేదు."